వెల లేని పూటకూటిల్లు: డొక్కా సీతమ్మగారు

అన్నము నమ్ముట మన పూర్వులకు సమ్మతము కాదు. ఆపత్కాలమున వర్తకముచే బ్రతుకవలసిన బ్రాహ్మణుడు ఏయే సరకులు విక్రయింపరాదో చెప్పుచు, మనుస్మృతి దశమాధ్యాయము తిలలతోపాటు వండిన అన్నమును గూడ ఆ పట్టికలో జేర్చినది. శాస్త్రమట్లుండ లోకము వేరొక త్రోవను నడచినది. కాకతీయుల ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామమున నొక పూటకూటి యింటి ముచ్చట కలదు. అచట ఒక్క రూక చెల్లించినచో మేలిబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పెసరపప్పు, ఆవునెయ్యి, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు లభించెడివట. ఆ యింటి యజమాని పేరు లక్ష్మణవజ్ఝల, అనగా బ్రాహ్మణుడే! మనువు మాట ఓరుగంటిలో నెంతవరకు చెల్లినదో శ్రోతలే యూహింపవచ్చును.

గురజాడవారి కన్యాశుల్కము 1897లో అచ్చయినది. అందలి పూటకూళ్ళమ్మను చూచి నవ్వనివారు లేరు. కాని దిక్కులేని వితంతువులకు ఆనాడు మిగిలిన కొలదిపాటి జీవనోపాయములలో పూటకూళ్ళ యిల్లొకటి. స్వహస్తములతో వండి, న్యాయమైన వెలకు వడ్డించి, పరుల యింట చేయిచాపక బ్రతికిన ఆ తల్లులను నేను తక్కువగా నెంచజాలను. తరువాతి కాలమున మన పట్టణములలో వెలసిన శాకాహార భోజనపు హోటళ్ళకు వారి వంటయిండ్లే పూర్వరూపములు.

అయితే పూటకూళ్ళ యింటి గడప తొక్కుటకు మొలను కాసుండవలెను. కాసు లేని బాటసారి మాటయేమి? ఈ ప్రశ్నకు గోదావరి లంకలలో నొక యిల్లాలు తన జీవితమునే సమాధానముగా నిచ్చినది. ఆమెయే డొక్కా సీతమ్మగారు.

సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరముగారు వచ్చినవారికెల్ల అన్నము పెట్టుచుండుటచే జనులాయనను ‘బువ్వన్న’ యని పిలిచెడివారు. బిరుదములు చాల వింటిమి గాని, పసిపిల్లల నోటిమాటతో నేర్పడిన యీ బిరుదమునకు సాటి రాగలది నాకు కనబడలేదు. లంకల గన్నవరపు వాస్తవ్యులైన డొక్కా జోగన్నగారు ఒకనాడు భోజనవేళకు ఆ యింటి కతిథిగా వచ్చి, ఆ బాలిక ఆదరముతో వడ్డించిన తీరు చూచి, పిదప ఆమెను వివాహమాడిరని పెద్దలు చెప్పుదురు.

గన్నవరము ఉనికిని గూర్చి కొంచెము చెప్పవలెను. కోనసీమకు గౌతమి ఒకవైపు, వసిష్ఠ ఒకవైపు, సముద్రమొకవైపు, నడుమ వైనతేయ. అంతర్వేది నరసింహస్వామి కల్యాణమునకు పోవు యాత్రికులు, పెండ్లివారు, కూలికై తిరుగు బీదలు, ఎవరైనను పడవ కొరకు రేవున వేచియుండవలసినదే. గాలి యెదురైనచో పూట గడచును. వరద వచ్చినచో దినములే గడచును. వెంట తెచ్చుకొన్న చలిది మూట అడుగంటును. అట్టి త్రోవలో నున్నది జోగన్నగారి యిల్లు. పగలనక రేయనక వచ్చినవారికెల్ల సీతమ్మగారు వండి వడ్డించిరి. నీ కులమేమని యడుగలేదు. అర్ధరాత్రము తలుపు తట్టినవానికిని పొయ్యి రాజేసిరి.

అన్నదానము మనసుతో మాత్రము జరుగునది కాదు, గాదెలో వడ్లుండవలెను. సీతమ్మగారు పుట్టుటకు ఎనిమిదేండ్ల ముందు, 1833లో, తెలుగుదేశమును పీడించిన క్షామమును జనులు నందన కరువని, డొక్కల కరువని చెప్పుకొనిరి. 1839లో ఉప్పెన కోరంగి తీరమును ముంచెత్తినది. గోదావరి నీరు సముద్రము పాలగుచుండ, ఒడ్డుననే జనులు ఆకలితో మాడిరి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరమున ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. అప్పటికి సీతమ్మగారు పదునొకండేండ్ల బాలిక. కాలువ నీరు కోనసీమకు జేరుటకై గన్నవరమువద్ద వైనతేయ మీదుగా 49 కమానుల అక్విడెక్టు కట్టిరి. ఆ యిల్లాలి పొయ్యిమీది బియ్యమునకు ఆ కాలువయే ఆధారము. దానము చేసి చేసి ఆస్తి కరగిపోగా, జోగన్నగారు పొలము త్రవ్వుచుండ నిధి దొరికెనని యొక కథ కలదు. నిధి కథ నాకంతగా రుచింపదు. నీరు పారిన పొలమును, ఆ పంటను తమకై దాచుకొనని దంపతులును ఉండగా, వేరొక నిధి యేల?

ఒకమారు సీతమ్మగారు అంతర్వేది దర్శనమునకై పల్లకిలో బయలుదేరిరట. దారిలో విశ్రమించినచోట, ఆకలికి ఏడ్చు పిల్లలను వారి పెద్దలు, ‘ఇంకెంత దూరము, సీతమ్మగారి యింటికి చేరగానే అన్నము తిందురు’ అని ఓదార్చుచుండ విని, స్వామి దర్శనము మాని వెనుకకు మరలిరి. వారికంటె ముందు తాను ఇల్లు చేరవలెను గదా!

1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక మహోత్సవము ఢిల్లీలో జరిగినపుడు ప్రభుత్వము ఆమె దాతృత్వమును గుర్తించి యోగ్యతాపత్ర మొసగినది. ఆమె ప్రయాణమున కంగీకరింపకపోగా ఛాయాచిత్రమైన నిండని కోరిరట. దానికిని ఆమె యొప్పుకొనలేదు. చిత్రము పంపనిచో తన యుద్యోగమునకు ముప్పు కలుగునని అధికారి మొరపెట్టుకొన్న పిదప, ఆతని కూడు పోవునను జాలితో కూర్చుండిరని చెప్పుకొందురు. నేడు మనము చూచు ఆమె రూపము ఆ జాలివలన దక్కినదే.

సీతమ్మగారు 1909లో పరమపదించిరి. పాత అక్విడెక్టునకు బదులుగా 2000లో ప్రారంభమైన క్రొత్తదానికి ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలలలోని మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే యుంచినది. నేను బడిపంతులుగా నున్న తొలి దినములలో, ప్రొద్దున నేమియు తినక వచ్చిన పిల్లలు పదునొకండు గంటల వ్యాకరణ పాఠమునకు తూగెడివారు. నా పాఠమే నిద్ర తెప్పించుచున్నదని తోటివారు హాస్యమాడెడివారు. మధ్యాహ్నమున బడిలోనే భోజనము పెట్టనారంభించిన పిదప, అదే పాఠమునకు ఆ పిల్లలే కన్నులు తెరచి కూర్చుండిరి.