వీధిబడి నుంచి టైంటేబిల్ దాకా

వీధిబడి రోజుల్లో పంతులు కాబోయేవాడికి వేరే శిక్షణంటూ లేదు. అతను బడిలోనే పెరిగేవాడు. తండ్రి అరుగు మీద పాఠం చెబుతుంటే కొడుకు ఓ పక్కన చిన్నపిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు, కొన్నేళ్ళకు తండ్రి చోటులో తనే కూర్చునేవాడు. పంతులు కొడుకు కాకపోయినా దారి ఇంచుమించు ఇదే. చురుకైన పెద్ద పిల్లవాడు ముందు పంతులుకు చేదోడయ్యేవాడు, తర్వాత ఏ పొరుగూరో పిలిస్తే అక్కడ బడి పెట్టుకునేవాడు. పాఠాల కంటే ముందు అతనికి పట్టుబడవలసింది ఒకటుంది: నాలుగు స్థాయిల పిల్లలను ఒక్కడే ఒకే పొద్దులో నడిపించడం.

ఆ నేర్పు ఎలాంటిదో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక చెబుతుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు తేలాయి, వాటిలో 226 తెలుగువి. బడి ఉదయం ఆరింటికి తెరిచేవారు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. గడియారం లేని చోట పిల్లలు వచ్చిన వరసే ఆలస్యానికి కొలత. చదవని వాళ్ళకు గుంజీళ్ళు, దూలానికి వేలాడదీసే కోదండం తప్పేవి కావు. ఆ కాఠిన్యాన్ని గుర్తించిన క్యాంప్‌బెల్, పై తరగతి వాళ్ళ చేత కింది వాళ్ళకు చెప్పించే పద్ధతిని మాత్రం మెచ్చుకున్నాడు. పంతులు పై తరగతులను స్వయంగా చూసుకుంటూనే బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు.

ఆ మెప్పుకు ముందే ఇలాంటి పద్ధతి ఇంగ్లండు చేరింది. మద్రాసులో సైనికుల పిల్లల అనాథాశ్రమాన్ని 1789లో చేపట్టిన ఆండ్రూ బెల్, ఇసుకలో రాస్తున్న ఒక వీధిబడి పిల్లలను చూసి ఆ తీరును తన బడిలో పెట్టాడు. అక్కడి ఉపాధ్యాయులు ఒప్పుకోకపోతే పిల్లల చేతే పిల్లలకు చెప్పించాడు. 1797లో దాని మీద లండన్‌లో పుస్తకం వేశాడు. అరుగు బడుల్లో పాతబడిన అలవాటు అక్కడ ‘మద్రాసు పద్ధతి’ అనే కొత్త సంస్కరణ అయింది.

ఇంత నేర్పున్న పంతులుకు దక్కేది తక్కువ. నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదని, ఆ రాబడికి తగినవాళ్ళు ఈ వృత్తిలోకి రారని 1826లో మన్రో రాశాడు. పండగ మామూళ్ళూ దసరాకు పిల్లలతో ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకునే సంభావనా అందుకే అంత ముఖ్యమయ్యాయి. మద్రాసులో ఉపాధ్యాయులను తయారుచేసి, వాళ్ళను కలెక్టరేట్ బడులకూ తాసీల్దారీ బడులకూ పంపాలన్నది మన్రో ఆలోచన. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో పోయాడు. అలా తెరిచిన బడులను 1836లో ఎత్తేశారు.

శిక్షణ నిలదొక్కుకున్నది 1854 నాటి వుడ్ విద్యా ప్రణాళిక తర్వాతే. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు తెరిచారు. తర్వాత అది సైదాపేటకు మారి ట్రైనింగ్ కాలేజీ అయింది. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ 1894లో వచ్చింది. ఇక పంతులు కొడుకే పంతులు కానక్కరలేదు, పరీక్ష ప్యాసైనవాడు కావచ్చు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన తరం నుంచి ఆడపిల్లలకు చెప్పే ఆడవాళ్ళ కొరత పెద్ద సమస్యగా ఉండేది. క్రమంగా చదువుకున్న వితంతువులకు ఈ వృత్తి ఒక ఆధారమైంది.

ట్రైనింగ్ స్కూలు నేర్పిన కాలం వేరు. రోజును పీరియడ్లుగా కోశారు. పాఠం ముందే కాగితం మీద ఉండాలి. జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ శిష్యులు కట్టిన ఐదు సోపానాల చట్రంలో సన్నాహం, ప్రదర్శన మొదలుకొని అన్వయం దాకా పాఠాన్ని విడగొట్టి, గంట కొట్టేలోగా ముగించాలి. శిక్షణలో ఉన్నవాడు మాదిరి పాఠశాలలో పాఠం చెబుతుంటే తోటివాళ్ళు వెనక బల్లల మీద కూర్చుని తప్పులు రాసుకునేవారు. అక్షరాలు దిద్దిస్తూ ఏళ్ళ తరబడి అబ్బిన ఒడుపును నెలల్లో నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉపాయం అప్పట్లో కనబడలేదు కాబోలు. కానీ ఈ చట్రం ఒక గదికి ఒక తరగతి, దానికొక పంతులు ఉన్నారనే ఊహ మీద కట్టింది. పల్లెబడికి ఆ ఊహ సరిపడలేదు.

క్యాలెండరూ మారింది. అనధ్యాయమని పాడ్యమికీ అమావాస్యకూ పౌర్ణమికీ మూసే బడికి ఆదివారం సెలవు వచ్చింది. రైళ్ళు మద్రాసు వేధశాల సమయాన్ని ఊళ్ళకు తెచ్చాయి, 1906 నుంచి భారత ప్రామాణిక కాలం అమలైంది. పిల్లలు పరీక్షలో చూపే ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చిన రోజుల్లో పంతులుకు ఏడాదంతా ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు చుట్టూ తిరిగేది.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఏకోపాధ్యాయ పాఠశాల పోలేదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) తెరవాలని, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కింద ప్రాథమిక పాఠశాలకు కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని నిర్ణయించారు. అప్పటికీ ఐదు తరగతులకు ఇద్దరే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ సంస్థ ఈ చిక్కును మరో వైపు నుంచి పట్టుకుంది. చుట్టుపక్కల పల్లెబడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరసపెట్టింది. ప్రతి పిల్లవాడూ తన వేగంతో ఎక్కుతాడు. పంతులు ఒక గుంపు దగ్గర కూర్చుంటే, మిగతావాళ్ళు సొంతంగానో పక్కవాడి సాయంతోనో పని చేసుకుంటారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతి ఆధారంగా బోధన మొదలుపెట్టాయి, తర్వాత అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది.