లెవీ గింజలు – తెలంగాణ రాజకీయం

రెండవ ప్రపంచయుద్ధం మన రాజకీయాలను మార్చిన తీరు చెప్పేటప్పుడు చాలమంది 1942 క్విట్ ఇండియాతో మొదలుపెడతారు. తెలంగాణ విషయంలో నేనీ పద్ధతిని ఒప్పుకోలేను. సికింద్రాబాదులో యుద్ధమంటే కంటోన్మెంటు సందడి, కొత్త యంత్రశాలలు; కవాడిగూడ ప్రాగా టూల్సు పుట్టింది 1943లోనే. పట్నానికి రేషను గింజలు కావలసివచ్చాయి. ఆ గింజలే పల్లెలో లెవీ.

లెవీ కొలిచిందెవరు? పటేలు, పట్వారీ, వారి వెనుక దేశముఖు. వెట్టి చేయించుకున్నవారే ఇప్పుడు సర్కారు పేర గాదెలు ఊడ్చారు. దొర ధాన్యం లెక్కకెక్కలేదు, చిన్నరైతు తిండిగింజలు ఎక్కాయి. కూలి గింజల్లోనే ముట్టే పాలేరుకూ ఆ దెబ్బ తగిలింది. ఎన్నడూ కలవనివారు కలిశారు.

1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ చాలకాలం అర్జీల సభ. 1944లో, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో అది చీలింది; పల్లెజనం నోట ‘సంగం’ అయింది. యుద్ధాన్ని ‘ప్రజాయుద్ధం’ అన్న కమ్యూనిస్టులే దాని పేర సాగిన లెవీ అన్యాయాలను ఎదిరించవలసివచ్చింది. ఈ చిక్కును మనవారు దాటవేస్తుంటారు, ఎందుకో! సిద్ధాంతాన్ని పల్లె సరిదిద్దిందని నా అభిప్రాయం.

1945లో యుద్ధం ఆగింది, లెవీ ఆగలేదు. 1946 జులై 4న కడవెండిలో దేశముఖు మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలైననాడు ఊరేగింపులో నడిచింది ఈ జనమే.