ఇంజను గొట్టాలు చెప్పే చరిత్ర

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, ఫర్మానాలు, కచేరీ దస్త్రాలు గుర్తుకు వస్తాయి. గత పాఠాలలో వాటి గురించే చదువుకున్నారు. ఈ పాఠంలో మిమ్మల్ని ఒక కారు బానెట్ కిందికి తీసుకువెళ్తున్నాను. నిజాం రాష్ట్ర ఆర్థిక చరిత్ర చదివే విద్యార్థికి అక్కడేం పని అని మీరు అడగవచ్చు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

ముందు ఒక నేపథ్యం. హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతి నుంచి తీసుకున్నది. ఆ రైల్వేలో భాగంగానే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలయింది. స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆనాటివే. జగిత్యాల పట్టణానికి రైలు ఇరవై ఒకటో శతాబ్దం వచ్చాక గానీ రాలేదు. కాబట్టి సారంగాపూర్, కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్లకు బయటి ప్రపంచంతో ఉన్న సంబంధమంతా రోడ్డు మీదే, అంటే ఇంజను మీదే నడిచింది. బట్టల మూట అంగడికి పోవాలన్నా, గల్ఫుకు పోయే మనిషి బొంబాయి దారి పట్టాలన్నా, ఎండాకాలంలో రేడియేటరులో నీళ్లు నిలవాలి. ఆ నీళ్లను నిలిపిన చేతుల గురించి మన దస్త్రాలలో దాదాపు ఏమీ లేదు.

కారు ఇంజనులో పెట్రోలు మండగా పుట్టే వేడిలో కొంత భాగమే చక్రాలను తిప్పుతుంది. మిగిలినది పొగ గొట్టం గుండా, నీటి గుండా బయటికి పోవాలి. 1900-01లో విల్హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ కారుకు తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించిన తరువాత, తక్కువ నీటితో ఎక్కువ వేడిని తీసివేయడం సాధ్యమైంది. కానీ ఇంజను అదురుతూ ఉంటుంది. రేడియేటరు ముందు భాగంలో వేరుగా బిగించి ఉంటుంది. రెంటినీ ఇనుప గొట్టంతో కలిపితే పగులుతుంది. అందుకని రబ్బరు గొట్టం వచ్చింది. ఆ గొట్టాన్ని పట్టి ఉంచడానికి స్క్రూతో బిగించే గుండ్రటి క్లిప్పుకు ఇంగ్లండులో లమ్లీ రాబిన్సన్ 1921లో పేటెంటు పొందాడు. మన మెకానిక్కులు నేటికీ పేచ్‌కస్‌తో తిప్పేది ఆ రకమే.

ఈ తేదీని గుర్తుంచుకోండి, చరిత్రకారుడికి పనికి వస్తుంది. హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ కారు ఉన్నది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు ఇచ్చి, 1911లో ఆయన మరణించాక 1912లో వచ్చిన కారు. అటువంటి పాత కారు దేనిలోనైనా రాబిన్సన్ రకం క్లిప్పు కనిపిస్తే, అది 1921 తరువాత ఎవరో పెట్టినది కావచ్చునని కాగితం చూడకుండానే ఊహించవచ్చు. శాసనంలో లిపిని బట్టి కాలం చెప్పడం కన్నా ఇది వేరు కాదు.

ఇక నా తప్పు చెబుతాను. మా మేనమామ అంబాసిడర్ కారు ఆయన పోయిన తరువాత సారంగాపూర్‌లోని ఇంటి కొట్టంలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. హిందుస్తాన్ మోటార్స్ వారు మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై ఉత్తరపాడలో చేసిన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఉద్యోగ విరమణ చేశాక దానిని నడిపించాలనే కోరిక పుట్టింది. ఎండి పగిలిన గొట్టాలన్నీ పీకి, క్లిప్పులతో సహా చెత్తలో వేయించాను. ఒక్క ఫోటో తీయలేదు, ఒక్క బొమ్మ గీయలేదు. దస్త్రాల కట్ట విప్పేటప్పుడు కాగితాల వరుస చెరపవద్దని ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిని!

కొత్త గొట్టాలు తెచ్చి బిగించాను. నీటి గొట్టాలు తేలికే. పైది ఇంజను తలభాగం నుంచి రేడియేటరు పై తొట్టికి వేడినీళ్లు తీసుకుపోతుంది, కిందది చల్లారిన నీళ్లను పంపుకు అందిస్తుంది. చిక్కు గాలి వైపు వచ్చింది. కార్బురేటరు నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోవలసిన సన్నని గొట్టం ఎక్కడిదో తెలియక వదిలేశాను. కార్బురేటరు కింది ప్యాకింగు పాతదే ఉంచాను. ఇంజను పలికింది గానీ, ఆగి ఆగి గుడగుడమన్నది. ఎక్కం ఎక్కాలంటే మూలిగింది.

జగిత్యాల నుంచి పెద్ద వయసు మెకానిక్ చాచాను పిలిపించాను. పానా కూడా తీయకుండా చెవి పెట్టి విన్నాడు. తడిగుడ్డను కార్బురేటరు అతుకు చుట్టూ మెల్లగా అద్దాడు. ఒక చోట అద్దగానే ఇంజను చప్పుడు మారింది.

"సార్, పైపులు మంచిగనే ఎక్కిచ్చిన్రు గని, గాలి ఎక్కడ గుంజుతున్నదో చూసిన్రా?" అన్నాడు.

చినిగిన ప్యాకింగు గుండా దొంగగాలి దూరితే పెట్రోలు పాలు తగ్గుతుంది. అలాగే ఎక్కువ కాలం నడిపితే వాల్వులు కాలిపోతాయి. సన్నని గొట్టం లేకపోతే ఇంజను ఆగదు, పెట్రోలు ఎక్కువ తాగుతూ మందగిస్తుంది. అందుకే ఆ లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. నా నీటి గొట్టాలనూ ఆయన విప్పించాడు. నేను సులువుగా ఎక్కడానికి ఇంజనాయిలు పూశాను. అది రబ్బరును తింటుందట, సబ్బు నీళ్లు చాలట. క్లిప్పు గొట్టం కొసన కాదు, ఇనుప మూతి మీది గట్టు దాటాక కూర్చోవాలి. నీళ్లు పోశాక మూత తీసి ఉంచి ఇంజను తిప్పి, లోపలి గాలి బుడగలు పోనివ్వాలి. వేడెక్కి చల్లారాక క్లిప్పులను మరోసారి బిగించాలి. వేడి మీద మూత తీయకూడదు. ఇవేవీ ఆయన పుస్తకంలో చదవలేదు.

చెత్తలో వేయించిన సామాను ఏమయిందని చాచా అడిగాడు. వెతికితే పై గొట్టం ఒక్కటి, దాని క్లిప్పుతో సహా, గడ్డివాము పక్కన దొరికింది. కోసి చూస్తే లోపల తెల్లని సున్నపు పొర పేరుకుని ఉంది, బావి నీళ్ల గుర్తు. బయట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. చాచా క్లిప్పును అటూ ఇటూ తిప్పి, ఇది కారుది కాదు, బావి మీది ఆయిల్ ఇంజనుది అన్నాడు.

అత్తమ్మను అడిగాను. కరెంటు మోటరు వచ్చిన ఏడు ఆయిల్ ఇంజనును విప్పి సామాను అమ్మేశారని, కొన్ని ముక్కలు మామ దాచుకున్నాడని చెప్పింది. అంటే ఆ క్లిప్పు కారుకు చేరింది ఆ ఏడో, ఆ తరువాతనో. ఇప్పుడు దానికి చీటీ కట్టి, ఆమె చెప్పిన మాటను, చాచా చెప్పిన మాటను వేరువేరుగా రాసి పెట్టాను. కింది గొట్టం మాత్రం దొరకలేదు.