మన కథ, మన ఆట



ఏలూరు హాస్టల్లో మేం ఫోన్‌లో ఆడే గేముల్లో మన అడవి లేదు, మన భాష లేదు. అలాస్కాలోని ఇనూపియాట్ ఆదివాసులకూ ఇదే లోటు ఉండేది. 2014లో అక్కడి ఒక గిరిజన కౌన్సిల్ గేమ్ కంపెనీతో కలిసి 'నెవర్ అలోన్' తెచ్చింది. వాళ్ల పెద్దల కథే ఆట, కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే.

అదే ఏడాది గేములు తయారుచేసే 'గోడో' సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితమైంది. కోడింగ్ ఒక్కటే కాదు. బొమ్మలు, శబ్దం, కథ, టెస్టింగ్, అన్నీ ఉద్యోగాలే.

మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సొంత కంప్యూటర్లు లేవు. అయినా ల్యాబ్‌లో దొరికే కాసేపట్లో పులి-మేక ఆటతో మొదలెట్టాం.

బుట్టాయగూడెం కొండల్లో అవ్వల కథలు వాళ్లతోనే పోతున్నాయి. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్క కథైనా రికార్డు చేసుకురండి. ఆట తర్వాత చేద్దాం, ముందు కథ దక్కాలి.