జర్మనీ జీతంలో చర్చి వాటా

స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో చేతికొచ్చిన పే స్లిప్‌ను గడి గడీ చదివాను. ఆదాయపు పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా ఏమిటో అర్థమైంది. వాటి మధ్య చర్చి పన్ను అని ఇంకో గడి ఉంది. నాకు అందులో రెండు గీతలు గీసి వదిలేశారు. కేథలిక్కులకు, ప్రొటెస్టంట్లకు అయితే అక్కడ అంకె పడుతుంది. కంపెనీ ఆ డబ్బును జీతంలోనే పట్టుకుని పన్నుల ఆఫీసుకు కడుతుంది. ఆ ఆఫీసు దాన్ని చర్చికి చేరవేసి, వసూలు చేసిపెట్టినందుకు కొంత రుసుము తీసుకుంటుంది. దేవుడికిచ్చేది కూడా టీడీఎస్‌లో పోయే దేశాన్ని నేను అంతకుముందు ఎరగను.

ఈ పన్నును ఆదాయం మీద కాదు, ఆదాయపు పన్ను మీద లెక్కగడతారు. ఏడాదికి 10,000 యూరోల పన్ను పడే మనిషి స్టుట్‌గార్ట్‌లోనో మ్యూనిక్‌లోనో ఉంటే చర్చికి 800 పోతాయి, బెర్లిన్‌లో ఉంటే 900. రెండు చర్చిలకూ కలిపి ఏటా వెయ్యి కోట్ల యూరోలకు పైగా వస్తుంది.

ఎవరిది ఏ మతమో సర్కారుకు ఎలా తెలుస్తుంది? ఇల్లు మారిన రెండు వారాల్లోగా ఎవరైనా ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం అడుగుతారు. అక్కడ నా పెన్ను ఆగింది. 1939 జనగణనలో ప్రతి ఇంటికీ వేరే కార్డు ఇచ్చి, తాతయ్యల్లో అమ్మమ్మ నానమ్మల్లో యూదులెవరైనా ఉన్నారా అని అడిగిన దేశం ఇది. ఆ కార్డుల తరవాత ఏమైందో మనందరికీ తెలుసు. యుద్ధం ముగిశాక రాసుకున్న రాజ్యాంగం ఎవరి మతాన్నీ ఊరికే అడగకూడదంటుంది, దాన్నిబట్టి హక్కులూ బాధ్యతలూ మారే సందర్భంలో మాత్రం అడగొచ్చంటుంది. చర్చి పన్ను ఆ మినహాయింపు కిందికి వస్తుంది. చట్టం ప్రకారం సరైనదే అయినా నాకు ఆ ప్రశ్న ఈనాటికీ మింగుడుపడదు.

దీని మూలం వెతికితే నెపోలియన్ దగ్గర తేలింది. రైన్ నదికి ఎడమ గట్టున ఉన్న భూమిని ఫ్రాన్స్ కలిపేసుకుంది. అక్కడ రాజ్యాలు పోగొట్టుకున్న జర్మన్ రాజులకు ఏదో ఒకటి ఇచ్చి ఊరుకోబెట్టాలి. 1803లో రేగెన్స్‌బుర్గ్‌లో కూర్చుని, బిషప్పుల సంస్థానాలనూ మఠాల భూములనూ ఆ రాజులకు పంచేశారు. స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన ఉన్న త్స్వీఫాల్టెన్ మఠం అలాగే వుర్టెంబర్గ్ ప్రభువు పాలైంది. సన్యాసులు వెళ్లిపోయారు, 1812లో అందులో మానసిక రోగుల ఆస్పత్రి పెట్టారు. బవేరియాలో మఠాల గ్రంథాలను మ్యూనిక్‌కు తరలించారు. కార్మినా బురానా పేరుతో ఇవాళ ప్రపంచమంతా వింటున్న పాటల పాత రాతప్రతి 1803లో బెనెడిక్ట్‌బోయ్‌ర్న్ మఠంలో అలా సర్దుతుండగానే బయటపడింది.

భూములు తీసుకున్నవాళ్ల మీద చర్చిని పోషించే భారం కూడా పడింది. కొంతకాలానికి రాజులకు అది బరువై, మీ భక్తుల దగ్గర మీరే పన్ను వసూలు చేసుకోండన్నారు. చర్చి పన్ను 1827లో లిప్పె అనే చిన్న సంస్థానంలో మొదలై, నెమ్మదిగా పాకి, 1892లో బవేరియాకు చేరింది. 1919 నాటి వైమర్ రాజ్యాంగం చర్చిలకు పన్ను వేసే హక్కు ఇచ్చింది, 1949 రాజ్యాంగం ఆ మాటనే తనలో కలుపుకుంది. 1803 భూములకు బదులుగా హాంబుర్గ్, బ్రెమెన్ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ నేటికీ ఏటా పరిహారం కడుతున్నాయి. అంతా కలిపి 50 కోట్ల యూరోలు దాటుతుంది. ఇది చర్చి పన్ను కాదు, మామూలు ఖజానాలోంచి వెళ్లే డబ్బు. అంటే నా పే స్లిప్‌లో రెండు గీతలున్నా, రెండు వందల ఏళ్లనాటి ఆ బాకీలో నా వంతు నేనూ తీరుస్తున్నాను.

ఇదంతా చదువుతున్నంతసేపూ నా మనసు మన దేవాదాయ శాఖ చుట్టూ తిరిగింది. ఈస్టిండియా కంపెనీ దొరలు 1817 రెగ్యులేషన్‌తో గుళ్ల ఆస్తుల మీద పెత్తనం తీసుకున్నారు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహాల గుళ్లు నడపడమేమిటని ఇంగ్లండులో గోల లేచాక, 1843లో తిరుమలను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించి తప్పుకున్నారు. 1933లో దేవస్థానం పాలక మండలి వచ్చేదాకా కొండ మహంతులదే. ఇవాళ గుళ్లు చాలావరకు 1987 చట్టం కింద దేవాదాయ శాఖ అజమాయిషీలో ఉన్నాయి. అక్కడ గుడి తన రాబడిలో వాటా తీసి సర్కారుకు కడుతుంది, ఇక్కడ సర్కారు వసూలు చేసి చర్చికి ఇస్తుంది. మా ఊరి రామాలయానికి రెండెకరాల మాన్యం ఉండేది. దాని కౌలు వేలం వేసేరోజున రచ్చబండ దగ్గర ఊరంతా చేరేది. కౌలు డబ్బు ఎటు పోయేదో అప్పుడు నాకు తెలియదు, పూజారిగారి పంచె మాత్రం ఎప్పుడూ మాసికలతోనే ఉండేది. నవమికి పందిరి వేసే డబ్బు ఇంటింటికీ తిరిగి చందాలుగా పోగుచేసేవాళ్లం. పానకం బిందెలో మిరియాల ఘాటు, తాటాకు పందిరి కింద చల్లదనం, మైకులో కల్యాణం... ఇక్కడ అద్దె హాల్లో వడపప్పు పంచుకుంటాం, అందరం ఉంటాం, అయినా అది నవమిలా ఉండదు.

మళ్లీ జర్మనీకి వస్తే, ఇక్కడ జీతంలో పన్ను పట్టుకునే పద్ధతికి నాంది పలికిన మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. మత్తియాస్ ఎర్ట్స్‌బెర్గర్ 1875లో ఇక్కడికి దగ్గరలోని బూటెన్‌హౌజెన్ అనే పల్లెలో దర్జీ ఇంట పుట్టాడు. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టాడు. 1918 నవంబరు 11న ఓడిపోయిన జర్మనీ తరఫున యుద్ధ విరమణ పత్రం మీద సంతకం పెట్టింది ఆయనే. మరుసటి ఏడు ఆర్థిక మంత్రి అయ్యాడు. అప్పటిదాకా ఆదాయపు పన్ను రాష్ట్రాల సొత్తు, కేంద్రం వాళ్ల దగ్గర చేయిచాపేది. ఆయన ఏడాది తిరగకుండానే దేశమంతటికీ ఒకే పన్నుల యంత్రాంగం కట్టాడు, జీతం ఇచ్చేచోటే పన్ను పట్టాలన్నాడు, డబ్బున్నవాళ్ల మీద 60 శాతం దాకా వేశాడు. యుద్ధ విరమణ మీద సంతకం పెట్టినందుకు జాతీయవాదులు ఆయన్ని క్షమించలేదు. 1921 ఆగస్టు 26న బ్లాక్ ఫారెస్ట్‌లోని బాద్ గ్రీస్‌బాఖ్ దగ్గర నడకకు వెళ్లినప్పుడు ఇద్దరు మాజీ సైనికాధికారులు కాల్చి చంపారు. ఆయన వయసు 45. ఈ దేశపు బడులూ రైళ్లూ ఆస్పత్రులూ ఆయన వేసిన పునాది మీదే నడుస్తున్నాయని నేను నమ్ముతాను.

చర్చి పన్ను ఇష్టం లేకపోతే ఆఫీసుకు వెళ్లి, రుసుము కట్టి, చర్చి నుంచి పేరు తీయించుకోవచ్చు. 2022లో 5 లక్షల మందికి పైగా కేథలిక్కులు ఆ పని చేశారు. కానీ అలా వెళ్లినవాళ్లకు ప్రభు భోజనం ఇవ్వరాదని 2012లో ఇక్కడి బిషప్పులు ఆదేశించారు. ఇక్కడ స్థిరపడిన గుంటూరు లూథరన్ ఒకాయన ఉన్నాడు. "అంత పోతుంటే బయటికి రావాలనిపించలేదా అన్నా?" అని అడిగాను. "మా తాతలు చదువుకున్న బడి ఎవరో కానుకేస్తేనే వచ్చింది తమ్ముడూ. ఇప్పుడు నా వంతు" అన్నాడు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హెయర్ పుట్టింది కూడా జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. అమెరికాలో స్థిరపడి, అక్కడి లూథరన్లు పంపగా మన దగ్గరికి చేరాడు.

ఇక్కడికి రాబోయే మన పిల్లలకు రెండు మాటలు చెప్పాలి. బాప్తిస్మం గుంటూరులో అయినా ఏలూరులో అయినా, కేథలిక్ అని రాస్తే చర్చి పన్ను పడుతుంది. ఆలోచించుకుని రాయండి, అబద్ధం మాత్రం రాయకండి. ఇక్కడ నివాసం ఏర్పడ్డాక ప్రపంచంలో ఎక్కడి రాబడి అయినా ఇక్కడి రిటర్న్‌లో చూపాలి. ఇంట్లోవాళ్లు మీ పేరున వేసిన ఎఫ్‌డీ వడ్డీ, అద్దె అన్నీ అందులోకి వస్తాయి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఉంటుంది. రెండుచోట్లా ఒకే సొమ్ము మీద పన్ను పడకుండా 1995లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి, కానీ చూపించినవాళ్లకే అది పనికొస్తుంది. రిటర్న్ వేయడం తప్పనిసరి కానివాళ్లు కూడా వేసుకోవచ్చు, వాళ్లకు నాలుగేళ్ల గడువు ఉంటుంది, వేసినవాళ్లలో ఎక్కువమందికి డబ్బు వెనక్కి వస్తుంది, సగటున వెయ్యి యూరోలకు పైనే. అమ్మానాన్నలూ, మీ పిల్లల పేరున ఊళ్లో ఉన్న ఖాతాల వివరాలు దాచకుండా వాళ్లకు పంపండి.