తెప్పకి మోటారు తగిలించడం వెనక పెద్ద కథే ఉంది

చోడవరంలో కూర్చుని పడవల గురించి ఎపిసోడ్ ఏంటి అని అడిగేవాళ్లు ఉంటారు, నాకు తెలుసు. మనది చెరకు ఊరు, గోవాడ సుగర్ ఫ్యాక్టరీ ఊరు. ఇక్కడ అల కనపడదు. కానీ అనకాపల్లి దాటి, అచ్యుతాపురం మీదుగా పూడిమడక వెళ్లి ఒడ్డున నిలబడితే, ప్రతి బోటు వెనకా ఒక ఇంజను కనిపిస్తుంది. ఇవాళ మాట్లాడేది ఆ ఇంజను గురించి కాదు. అది దేనికి తగిలించి ఉందో దాని గురించి.

దాన్ని ట్రాన్సమ్ అంటారు. పడవ వెనక భాగాన్ని అడ్డంగా కోసేసినట్టు, బల్లపరుపుగా ఉండే పలక. ఔట్‌బోర్డ్ మోటారుకి ఇది ఉండి తీరాలి. మోటారుకి ఉన్న రెండు క్లాంపులు ఆ పలక మీద కూర్చోవాలి, మర బిగించాలి, ఫ్యాను నీళ్లలోకి దిగాలి. మరి మన తీరంలో తరతరాలుగా ఉన్న పడవల్లో ఈ పలకే లేదు! కథంతా ఇక్కడే మొదలవుతుంది.

మన పాత పడవల్ని ఒకసారి చూడండి. తెప్ప అంటే దుంగల్ని పక్కపక్కన పెట్టి తాడుతో కట్టింది. వేట అయ్యాక కట్లు విప్పి ఆరబెట్టేవారు. తమిళంలో దీన్నే కట్టుమరం అంటారు. 1697లో అచ్చయిన పుస్తకంలో విలియం డాంపియర్ అనే ఇంగ్లిష్ నావికుడు ఈ తెప్పల గురించి రాశాడు. ఇవాళ ధనవంతులు తిరిగే రెండు దోనెల క్యాటమరాన్ యాట్ ఉంది కదా, ఆ పేరు మన తీరం మాటే. రెండోది మసూలా పడవ: మేకు లేకుండా, కొబ్బరి తాడుతో పలకల్ని కుట్టిన పడవ. మూడోది నావ. మసూలా, నావ రెండూ ముందూ వెనకా మొనతేలి ఉంటాయి.

ఎందుకలా? మన దగ్గర చాలా ఊళ్లకి హార్బర్ లేదు. ఒడ్డు మీంచే సముద్రంలోకి దిగాలి, ఒడ్డుకే తిరిగి రావాలి. వచ్చేటప్పుడు అల వెనక నుంచి కొడుతుంది. వెనక మొన ఉంటే అల చీలి రెండు పక్కలకీ పోతుంది. అదే బల్లపరుపు పలక ఉంటే అల దాన్ని తోసేస్తుంది, పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి అలకి బోల్తా. తెప్ప అయితే ఇంకా గట్టిది. దానికి లోపల అంటూ లేదు కాబట్టి నీళ్లు నిండవు, మునగదు. చదువు లేనివాళ్లు అని మనం అనుకునే మనుషులు చేసిన డిజైన్ ఇది.

ఇప్పుడు మోటారు వైపు వెళ్దాం. 1881లో పారిస్‌లో గుస్తావ్ ట్రూవే సెన్ నది మీద కరెంటు మోటారుతో పడవ నడిపాడు. మోటారునీ ఫ్యానునీ చుక్కానితో కలిపి తగిలించాడు, కావాలంటే ఊడదీసుకోవచ్చు. కానీ మార్కెట్‌ని పట్టింది ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లినవాడు. 1909లో అమ్మకానికి పెట్టిన అతని మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు. అతను చూసింది విస్కాన్సిన్ చెరువుల్లో తిరిగే చిన్న తెడ్ల పడవల్ని. వాటికి వెనక పలక ముందే ఉంది. అంటే మోటారు ఆకారాన్ని నిర్ణయించింది అలలు లేని చెరువు. అది మన బంగాళాఖాతానికి వచ్చేసరికి పేచీ రాకుండా ఎలా ఉంటుంది?

మన దేశంలో ఈ పేచీ మొదట కేరళలో బయటపడింది. 1953లో కొల్లం దగ్గర ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు మొదలైంది. ఊరి పడవలకే ఇంజన్లు పెడదామని చూశారు. కుదర్లేదు. చివరికి కొత్త రకం బోట్లే కట్టారు. ఆ బోట్లు ట్రాలర్ల దారి పట్టాయి, పాత పడవవాళ్లు పాత పడవల్లోనే మిగిలిపోయారు. 1980ల్లో జపాన్, అమెరికా ఔట్‌బోర్డ్ మోటార్లు వచ్చినప్పుడు మాత్రం జాలర్లు ఎవరికోసమూ ఆగలేదు. పడవ పక్కన ఒక దిమ్మ కట్టి మోటారు వేలాడదీశారు. పక్కన పెడితే ఏమవుతుంది? తోపు ఒకవైపు నుంచే వస్తుంది కాబట్టి పడవ ఎప్పుడూ రెండో వైపుకి లాగుతుంది. అటు ఒరిగితే ఫ్యాను గాల్లో తేలి ఊరికే గిర్రున తిరుగుతుంది. దాంతో వెనక మొన కోసేసి పలక పెట్టడం మొదలైంది.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిగ్గా వినండి. మోటార్లు సాధారణంగా 15, 20, 25 అంగుళాల పలక ఎత్తుకి తయారవుతాయి. ఫ్యాను పైన ఒక రెక్క లాంటి ప్లేటు ఉంటుంది. అది పడవ అడుగుతో సమానంగానో, కాస్త కిందో ఉండాలి. మరీ పైకి ఉంటే ఫ్యాను గాలి పీలుస్తుంది, ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. మరీ కిందకి ఉంటే ఈడ్చుకుంటూ పోతుంది, ఇసుకలో తగులుతుంది. 15 అంగుళాల మోటారు కొని ఎత్తు పడవకి పెట్టాలంటే వెనక పలకలో గాడి కోయాలి. ఆ గాడిలోంచే అల లోపలికి వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు పలకకి ముందు చిన్న తొట్టి కడతారు. గాడి దాటి వచ్చిన నీళ్లు అందులో పడి, కన్నాల్లోంచి మళ్లీ సముద్రంలోకే పోతాయి. ఆ తొట్టి లేకుండా గాడి మాత్రం కోసిన పడవ ఎక్కమంటే నేను ఎక్కను.

అసలు పలకే వద్దు, అలకి తగ్గ మోటారు కావాలి అని ఆలోచించినవాళ్లూ ఉన్నారు. 1979లో మద్రాసు కేంద్రంగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున, స్వీడన్ డబ్బుతో బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ మొదలైంది. మన తూర్పు తీరం కోసం వాళ్లు బీచ్ ల్యాండింగ్ బోట్లు తయారు చేశారు. అందులో చిన్న డీజిల్ ఇంజను, షాఫ్టు, ఫ్యాను ఒకే సెట్టుగా పైకి లేస్తాయి. ఒడ్డు దగ్గరికి రాగానే ఎత్తేస్తే ఫ్యాను ఇసుకకి తగలదు. కన్యాకుమారి జిల్లా ముట్టంలో పియర్ జిల్లే అనే ఇంజనీరు జాలర్లతో కలిసి ప్లైవుడ్ తెప్ప పడవలు కట్టాడు. ఆ అనుభవం మీద 1985లో 'స్మాల్ ఈజ్ డిఫికల్ట్' అని పుస్తకం తెచ్చాడు. షూమాకర్ 1973లో చిన్నదే అందం అన్నాడు కదా, దానికి జవాబన్నమాట. చిన్న పడవ మార్చడమే అన్నిటికన్నా కష్టం అని!

మన దగ్గర చివరికి గెలిచింది ఫైబర్ తెప్ప. ఆకారం దాదాపు తెప్పదే. దుంగల బదులు ఫైబర్‌గ్లాస్ పెంకు, లోపల మునగకుండా తేలే సరుకు, పైన మూసేసిన డెక్కు. నీళ్లు పైకి ఎక్కినా జారిపోతాయి. తెప్ప తెలివి అలాగే ఉండిపోయింది, వెనక మాత్రం ఇంజనుకి చోటు దొరికింది. చాలామంది ఔట్‌బోర్డ్ కాకుండా పొడుగు తోక ఇంజను పెట్టుకున్నారు. థాయిలాండ్ పడవల్లో చూసే ఉంటారు: ఇంజను పైన తిరిగే దిమ్మ మీద ఉంటుంది, పొడుగాటి షాఫ్టు వెనక్కి నీళ్లలోకి వాలుతుంది. దానికి ట్రాన్సమ్ అక్కర్లేదు, గట్టి దిమ్మ ఉంటే చాలు. ఒడ్డు రాగానే చేత్తో తోక ఎత్తేయొచ్చు. ఆ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజను మనకి కొత్తా? మన చెరకు చేలల్లో నీళ్లు తోడింది అలాంటిదే! విస్కాన్సిన్ మోటారు కంటే మన పొలం ఇంజనే మన అలకి బాగా అతికింది.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత సాయం కింద ఫైబర్ బోట్లు తీరమంతా వచ్చాయి. దుంగల తెప్పలు తగ్గిపోయాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ తీరంలో బోట్లని చితక్కొట్టింది. అప్పటికి బోటంటే తాడూ దుంగా కాదు, అప్పు చేసి కొన్న ఇంజను కూడా. దుంగ పోతే మళ్లీ కట్టుకోవచ్చు, ఇంజను పోతే అప్పు మాత్రం మిగులుతుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ పడవకి అది వర్తించదు. మోటారు ఉన్నదానికి వర్తిస్తుంది. అంటే వెనక ఇంజను బిగించిన రోజే ఆ పడవ చట్టం దృష్టిలో వేరే జాతి అయిపోయింది.

బోట్ల రిపేర్లన్నీ ఎక్కువగా ఈ రెండు నెలల్లోనే నడుస్తాయి. తీరం వైపు మీ బంధువులు ఎవరైనా సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు కొంటుంటే ఒక్క పని చేయమనండి. ట్రాన్సమ్ పైకి ఫైబరే గానీ లోపల తరచుగా ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు కన్నంలోంచి నీరు దిగితే అది లోలోపల కుళ్లిపోతుంది, పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది. చిన్న సుత్తితో పలకంతా తట్టి చూడాలి. టకటక మంటే బాగున్నట్టు, బొదబొద మంటే లోపల చెక్క పోయినట్టు. మోటారుకి విడిగా ఒక తాడు కట్టి బోటుకి ముడి వేసి ఉందో లేదో కూడా చూడండి. క్లాంపు ఊడినా ఇంజను గంగమ్మ పాలు కాకుండా ఆపేది ఆ తాడే.