వరదనీరే మంచినీరు: మూసీపై విశ్వేశ్వరయ్య ప్రణాళిక

హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ వద్ద, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక పాత చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకొన్నారని చెప్పుదురు. ఆ అదృష్టం అందరికీ పట్టలేదు. వంతెనలు కొట్టుకొనిపోయినవి. ఒడ్డున ఉన్న పేటలు నేలమట్టమైనవి. మరణించినవారు దాదాపు 15,000 మంది అని అంచనా.

మూసీ మహానది కాదు. అనంతగిరి కొండలలో పుట్టి, నగరం మధ్యగా పారి, కృష్ణలో కలిసే ఉపనది మాత్రమే. వానలు లేని రోజులలో అది సన్నని పాయ. అటువంటి ఏరు ఇంతటి నగరాన్ని ఎట్లు ముంచినది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకు నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. ఆయన బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచి, అప్పుడు ఐరోపా పర్యటనలో ఉన్నారు. వారి ఇంటిపేరైన మోక్షగుండం గిద్దలూరు ప్రాంతపు గ్రామమే. 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్య నగరంతో ఆగక, ఎగువన నీరు వచ్చే దారి అంతటినీ పరిశీలింపజేసినారు.

వాన లెక్కలు మొదట తేలినవి. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వాన కురిసినది. అయితే వాన ఒక్కటే కారణం కాదు. నగరానికి ఎగువన సుమారు 860 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండెను. అనగా ఇంచుమించు చదరపు మైలుకొక చెరువు. ఆ వరదలో వాటిలో 221 చెరువులు తెగిపోయినవి.

ఇవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరును. మామూలు వానలకు ఈ ఏర్పాటు ఎంతో మేలైనది. కాని పై చెరువు కట్టయే తెగినచో, అందులోని నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడును. కింది చెరువు అలుగు వాననీటిని వదలుటకు సరిపోవునే గాని, తెగిన చెరువు నీటిని వదలుటకు చాలదు. అందుచేత అదియు తెగును. ఇట్లు ఒకదాని వెంట ఒకటి తెగి, నీరంతా మూసీలోకి వచ్చిపడినది.

కారణం ఎగువన ఉన్నది కనుక పరిహారం కూడ అక్కడనే ఉండవలెనని విశ్వేశ్వరయ్య నిర్ణయించినారు. ఒడ్డున గోడలు కట్టి, పక్కన తోటలు పెంచుమని చెప్పుచునే, నగరానికి ఎగువన మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై ఒకటి జలాశయాలు నిర్మించి వరదను అక్కడనే ఆపవలెనని 1909 అక్టోబరులో నివేదించినారు. ఆ జలాశయాలు నగరానికి మంచినీటిని కూడ ఇచ్చును.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. వరదను పట్టవలసిన జలాశయం ఖాళీగా ఉండవలెను. మంచినీరు ఇవ్వవలసినది నిండుగా ఉండవలెను. ఈ రెండూ పొసగవలెనన్నచో అడుగుభాగం తాగునీటికి, పైభాగం వరదకు కేటాయించి, వరద తగ్గిన వెంటనే పైనీటిని మెల్లగా వదలివేయవలెను.

ఆ ప్రకారం మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. మొదటిదాని నిల్వ సుమారు 390 కోట్ల ఘనపుటడుగులు, రెండవదాని నిల్వ 297 కోట్లు. ఉస్మాన్‌సాగర్ నగరం కంటె ఎత్తున ఉన్నందున, నీరు యంత్రం అవసరం లేకుండ, కాలువ వెంట ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి దానంతట అదే పారినది.

నగరం పెరిగినకొద్దీ ఆ నీరు చాలలేదు. 1965లో మంజీర నుండి, 1991లో సింగూరు నుండి, 2004లో కృష్ణ నుండి, 2015లో గోదావరి నుండి నీరు తేవలసివచ్చినది. కృష్ణా గోదావరుల నీటిని వందకు పైగా కిలోమీటర్ల దూరం నుండి, పల్లం నుండి మెరకకు, విద్యుత్తుతో తోడి తేవలెను.

దగ్గరి జలాశయాలను కాపాడుటకు 1996లో 111వ ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినది. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను అది నిషేధించినది. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2022లో, నీటి నాణ్యత చెడరాదన్న షరతుతో, ఆ ఆంక్షలను తొలగించుచు 69వ ఉత్తర్వు వచ్చినది. ఆంక్షల వలన భూమి విలువ పెరగలేదన్న గ్రామస్థుల బాధ ఒకవైపు, జలాశయాల భద్రత ఒకవైపు ఈ వివాదంలో నిలిచినవి.

2020 అక్టోబరులో భారీ వానలు కురిసినప్పుడు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసివచ్చినది. నగరంలో పల్లెచెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగినవి. 1908నాటి వరదతో దానిని పోల్చలేము. కాని తెగిన చెరువు కింది ఇళ్ళను ముంచిన తీరు మాత్రం ఒక్కటే.

ఆనకట్ట ఒక్కచోట ఉండును. దానిలోకి వచ్చే నీరు ఎన్నో గ్రామాల వాగుల నుండి, చెరువుల నుండి వచ్చును. ఒక వాగు పూడినచో తాగునీరు తగ్గును. ఒక కట్ట బలహీనమైనచో వరద పెరుగును. విశ్వేశ్వరయ్య లెక్క నగరపు గోడల వద్ద కాక, ఆ 788 చెరువుల వద్ద మొదలగుటకు కారణమిదియే.